మంజీర నీళ్ళు, మూసీ ఒడ్డు

బాన్సువాడలో బస్సెక్కి హైదరాబాదులో ఇమ్లిబన్ బస్టాండులో దిగే వారిలో చాలామంది ఒక సంగతి గమనించరు. వారు దిగేది నది మధ్యలో. ఆ బస్టాండుకు అటు ఒక పాయ, ఇటు ఒక పాయ. నడుమ ఉన్న లంక మీద 1994లో ఆ బస్టాండును తెరిచారు. ఇమ్లిబన్ అంటే చింతతోపు. అంతకు ముందు మన జిల్లాల బస్సులన్నీ ఆగిన గౌలిగూడ రేకుల షెడ్డు కూడా మూసీ గట్టుకు నాలుగడుగుల దూరంలోనే ఉండేది. 2018లో ఆ షెడ్డు కూలిపోయింది. అదృష్టం బాగుండి, ఆ వేళకు ముందే లోపలి వారిని పంపించివేయడంతో ప్రాణనష్టం జరగలేదు.

బస్సు దిగిన వారు వంతెన దాటి ఎటు వెళతారు? జబ్బు మనిషిని వెంట తెచ్చుకున్నవారు ఉస్మానియా ఆస్పత్రికి. పెళ్ళి సామాను కొనేవారు ముందు బేగంబజారుకు, అక్కడ గిన్నెలు, డ్రైఫ్రూట్స్ తీసుకుని పత్తర్‌గట్టీకి, తర్వాత గాజుల కోసం లాడ్‌బజారుకు. కోర్టు పని ఉన్నవారు హైకోర్టుకు. చదువుకునే పిల్లలు సిటీ కాలేజీకి, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి. ఇవన్నీ మూసీ ఒడ్డునో, ఒడ్డుకు కూతవేటు దూరంలోనో ఉన్నవే. పల్లె నుంచి నగరానికి వచ్చిన మనిషి కాళ్ళు ముందుగా తగిలేది ఈ ఒడ్డుకే. అందుకే చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్, దారుల్‌షిఫా, పురానాపుల్ బస్తీల కథ హైదరాబాదు వారికి మాత్రమే చెందినదని మేము అనుకోము.

మనకు ఇంతకంటే దగ్గరి బంధుత్వం మరొకటి ఉంది. అది నీటి బంధుత్వం.

బాన్సువాడ పొలాలకు ప్రాణం నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923లో పని మొదలై 1931 నాటికి పూర్తయిన ఆనకట్ట అది. ఆ రోజుల్లో 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరందించడానికి కట్టారు. దానికి పైన, మంజీర మీదనే, సంగారెడ్డి దగ్గర 1965లో నగరం దాహం తీర్చడానికి బ్యారేజీ వచ్చింది. ఆ తర్వాత సింగూరు వచ్చింది. అప్పటి నుంచి మంజీర నీళ్ళలో కొంత పాలు నిజాంసాగర్ దాకా రాకుండానే పైపుల్లో హైదరాబాదుకు వెళుతోంది. నగరం ఇప్పుడు కృష్ణా నీళ్ళూ, గోదావరి నీళ్ళూ తాగుతోంది గాని చాలా కాలం పాటు మంజీరే దానికి పెద్ద దిక్కు. ఆ నీళ్ళు ఇళ్ళల్లో వాడకమై, మురుగై, నాలాల గుండా మూసీలో కలుస్తాయి. కందకుర్తి దగ్గర గోదావరిని చేరవలసిన నీరు, నయాపుల్ కింద నల్లగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. సింగూరు గేట్లు ఎప్పుడెత్తుతారా అని కాలువ వైపు చూస్తూ కూర్చున్న బాన్సువాడ రైతు ముక్కు మూసుకుని నయాపుల్ దాటుతాడు. ఆ వాసనలో తన మంజీర కూడా ఉందని అతనికి ఎవరు చెప్పాలి?

వంతెన ముందు, ఊరు తర్వాత

మూసీ వికారాబాదు పక్కన అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఈసీ అనే తోడు నది లంగర్‌హౌజ్ దగ్గర, ఇప్పటి బాపూఘాట్ వద్ద, దానితో కలుస్తుంది. మూసా, ఈసా ప్రవక్తల పేర్లు ఈ నదులకు వచ్చాయని జనం చెప్పుకుంటారు.

హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది. అయితే ఊరికంటే ముందే వంతెన ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1578లో కట్టిన పురానాపుల్ గోల్కొండ వైపు నుంచి దక్షిణపు ఒడ్డుకు దారి వేసింది. యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కోసం నిండు నదిలో గుర్రాన్ని ఈదించాడనీ, భయపడిన తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ ఉంది. కథ తియ్యగానే ఉంది, లెక్క మాత్రం కుదరదు. వంతెన కట్టేనాటికి ఆ యువరాజు వయసు పదమూడుకు అటూ ఇటూ. గోల్కొండ సంత సరుకూ, కార్వాన్‌లో దిగే వర్తకుల ఒంటెలూ దాటడానికే ఆ వంతెన కట్టారని మాకు తోస్తుంది. నాలుగు వందల ఏళ్ళు దాటినా అది నిలిచి ఉంది. రాజుల బళ్ళు పోయినచోట కూరగాయల తట్టలు వచ్చి కూర్చున్నాయి. ఏళ్ళ తరబడి ఆ వంతెన మీద సంత సాగింది.

మహమ్మద్ కులీ 1595లో దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫా కట్టించాడు. యునానీ వైద్యశాల, వైద్యం నేర్పే మదరసా రెండూ అందులోనే ఉండేవి. ఆ పేరు ఈనాడు ఒక బస్తీకి మిగిలింది. చాదర్‌ఘాట్ పేరుకు చెప్పే అర్థం మరింత అందంగా ఉంటుంది. అక్కడి అడ్డుకట్ట మీదుగా నీళ్ళు పలచని దుప్పటిలా, అంటే చాదర్‌లా జారేవట. ఇప్పుడు అక్కడ నిలబడి ఆ దుప్పటిని ఊహించుకోవాలంటే కొంచెం కష్టపడాలి. 1831లో అక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ వైపు వెళ్ళే వంతెన వచ్చింది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ధాన్యపు మండీ, వంతెన ఏర్పడి అఫ్జల్‌గంజ్ అయింది. ఆ వంతెననే మనం నయాపుల్ అంటాము.

ఉత్తరపు ఒడ్డున వర్తకం, దక్షిణపు ఒడ్డున కోట లోపలి నగరం. రెంటికీ నడుమ గట్ల మీద చాకలివారు, గౌళీలు, కట్టెలు బొగ్గులు అమ్మేవారు, హమాలీలు. నగరపు బట్టలు ఉతికిందీ, పాలు పోసిందీ, మూటలు మోసిందీ వీరే. చరిత్ర పుస్తకాల్లో వీరి ఊసు ఎక్కువగా కనబడదు. 1908లో మాత్రం కనబడుతుంది, అదీ చనిపోయినవారి లెక్కలో.

1908 సెప్టెంబరు 28

ఆ వారం వానలు ఆగకుండా కురిశాయి. మూసీ పరీవాహకంలో వందలాది చెరువులు ఉండేవి. పైన ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఆ విధంగా ఆ వానకు 221 చెరువులు తెగినట్టు తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. సెప్టెంబరు 28 నాటికి నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ కొట్టుకుపోయాయి. దెబ్బ తిన్నా నిలిచింది పురానాపుల్ ఒక్కటే. కోల్సావాడి వంటి ఒడ్డు బస్తీలు ఆనవాలు లేకుండా పోయాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి పోయింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నగర జనాభాలో నాలుగోవంతు మందికి తలదాచుకునే చోటు లేకపోయింది.

ఉర్దూ రుబాయీలు చదివే ఇళ్ళలో హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ పేరు తెలియనివారు ఉండరు. ఆయన కుటుంబం ఆ వరదలో చిక్కుకుంది. తల్లి, భార్య, చిన్నారి కూతురు ముగ్గురూ ఆయన కళ్ళ ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ వరద మీద ఆయన రాసిన కవిత పేరు 'ఖయామతె సుఘ్రా', అంటే చిన్న ప్రళయం. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా బ్రతికి 1961లో కన్నుమూసిన ఆ కవి రుబాయీల్లో అంతటి సబ్ర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మూసీ ఒడ్డు దాకా రావాలి.

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వారు ఎవరు? ఏ మతం, ఏ కులం? ఎక్కిన కొమ్మ పక్కన ఎవరున్నారో ఆ రాత్రి ఎవరూ అడిగి ఉండరు. ఏటా సెప్టెంబరు 28న నగరంలో కొందరు ఆ చెట్టు కింద చేరి మృతులను తలుచుకుంటారు. మన వారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ ఆవరణలో రోజుల తరబడి చాప పరుచుకుని కూర్చుంటాము. ఈసారి వెళితే ఆ చెట్టు ఎక్కడుందో అడిగి చూడండి.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దిక్కులేని వారికి తన మహళ్ళ తలుపులు తెరిపించాడు, వంటశాలలు పెట్టించాడు. ఒక పురోహితుని మాట మీద ఆయన స్వయంగా నదికి హారతి పట్టాడని కూడా నగరం కథగా చెప్పుకుంటుంది. ఆ కథ అక్షరాలా జరిగిందా లేదా అన్నదాని కంటే, అటువంటి కథను ముస్లిములూ హిందువులూ ఇద్దరూ నూరేళ్ళుగా ఇష్టంగా చెప్పుకుంటున్నారన్నదే మాకు ముఖ్యంగా తోచింది.

ఆ తర్వాత జరిగిన పని వరసను గమనించాలి. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఒడ్డు అందం గురించి కూడా రాశారు. అయితే నగరాన్ని కాపాడాలంటే ముందు పైన నీటిని ఆపాలన్నారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒడ్డుకు రాతి గోడలు లేచాయి. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను తీసివేసి, కొన్నిచోట్ల పేదలకు పక్కా ఇళ్ళు కట్టింది. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ ఆ రోజుల్లోనే ఒడ్డున నిలిచాయి. ఆసఫియా గ్రంథాలయం 1936లో తన కొత్త భవనానికి వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియం మాత్రం దివాన్ దేవిడీ నుంచి ఒడ్డు మీది ఇప్పటి భవనానికి 1968లో మారింది.

ఒకే ఒడ్డుకు రెండు ఊరేగింపులు

ఈ బస్తీల జీవితాన్ని చూడాలంటే మొహర్రం పదో రోజున రావాలి. దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయలుదేరిన బీబీ కా ఆలం, చార్మినారు మీదుగా, దారుల్‌షిఫా దాటి, సాయంత్రానికి చాదర్‌ఘాట్ వద్ద ఊరేగింపు ముగిస్తుంది. దారుల్‌షిఫాలోనే ఏడో నిజాం తన తల్లి పేర కట్టించిన అజాఖానా జహ్రా ఉంది. దాని వెనక గోడకు అవతల మూసీయే. ఆషాఢంలో పాతబస్తీ బోనాల నాడు రావాలి. అక్కన్న మాదన్న గుడి నుంచి ఏనుగు మీద బయలుదేరిన ఘటం నయాపుల్ దగ్గర మూసీలో కలుస్తుంది. చాలా ఏళ్ళు జూపార్కులోని రజని అనే ఒకే ఏనుగు ఈ రెండింటినీ మోసింది. బోనాల నాడు పసుపు కుంకుమలతో, మొహర్రం నాడు నల్లని గుడ్డతో దానిని సిద్ధం చేసేవారు. దారులు వేరైనా రెండు ఊరేగింపులూ వచ్చి ఆగేది ఈ ఒడ్డునే. ఈ సంగతి మీద ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేదు. దుకాణాల ముందు నీళ్ళ కుండలు పెట్టేవారికి అది రెండు రోజుల పని, అంతే.

పండుగలు లేని రోజుల్లో ఒడ్డు బ్రతుకు ఎలా ఉంటుంది? చాదర్‌ఘాట్ వంతెన పక్కన మెట్లు దిగితే మూసానగర్, దానిని ఆనుకుని శంకర్‌నగర్, కమల్‌నగర్. ఒక నబీ పేరు, పక్కనే ఒక దేవుడి పేరు. ఇరుకు సందుల్లో రేకుల ఇళ్ళు, ఒంటి గది మీద మరో ఒంటి గది. ఆటోలు నడిపేవారు, మలక్‌పేట గంజ్‌లో మూటలు మోసేవారు, తోపుడు బండి మీద పళ్ళు అమ్మేవారు, పాత ఇనుము, కాగితం ఏరి అమ్మేవారు ఇక్కడ ఉంటారు. ఆడవారు ఇళ్ళల్లో పనికి వెళతారు, లేదా ఇంట్లోనే మిషను కుడతారు. ఎవరి పని అయినా నడక దూరంలోనే ఉంటుంది. ఈ ఒడ్డున ఉండడానికి వారికి ఉన్న కారణం అదొక్కటే, అది చాలా పెద్ద కారణం. పొద్దున్నే నాలుగు గంటలకు మండీకి వెళ్ళే మనిషికి బస్సు ఎవరు వేస్తారు?

రమజాన్ మాసంలో సహరీకి లేపే మనిషి సందు సందూ తిరుగుతాడు. ఇఫ్తార్ వేళకు ఒక ఇంటి పళ్ళెం మూడు ఇళ్ళు తిరిగి వస్తుంది. తల్లి పనికి వెళితే బిడ్డను చూసేది పక్కింటి ఖాలా. జ్వరం వస్తే డబ్బు అప్పిచ్చేది ఎదురింటి వదిన. పేదవాడికి పొరుగు అంటే బ్యాంకూ, బాలవాడీ, అంబులెన్సూ అన్నీ కలిసినది. ఈ లెక్కను ఏ సర్వే కాగితమూ రాసుకోదు.

నీరు ఎక్కితే, సుద్ద గీత పడితే

2020 అక్టోబరు వానలకు మూసానగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది. 2025 సెప్టెంబరు చివర రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఇమ్లిబన్ బస్టాండే మునిగింది. సెప్టెంబరు 26 రాత్రి ప్రయాణికులు అక్కడ చిక్కుకుపోగా తాళ్ళ సాయంతో, నడుము లోతు నీళ్ళలో వారిని బయటికి తెచ్చారు. బస్సులను ఊరి బయటి నుంచే మళ్ళించారు. దానికి నెల ముందు, ఆగస్టు చివర, మన కామారెడ్డి జిల్లాలోనే ఎటువంటి వాన కురిసిందో, పోచారం కట్ట ఏమవుతుందోనని ఎన్ని ఊళ్ళు నిద్ర మానుకున్నాయో బాన్సువాడ వారికి చెప్పనక్కరలేదు. నీరు ఇంట్లోకి వస్తే ముందు ఏది ఎత్తుకోవాలో ఆ రెండు నదుల వారికీ తెలుసు. బియ్యం, కాగితాలు, పిల్లల పుస్తకాలు.

కాబట్టి నది గర్భంలో ఇళ్ళు ఉండడం మంచిదని మేము వాదించము. వాదించకూడదు కూడా. వాన ఆగని రాత్రి ఆ ఇళ్ళల్లో పిల్లలను పడుకోబెట్టే తల్లికి ఆ వాదన వినిపించి ప్రయోజనం లేదు. ప్రశ్న అది కాదు. వారిని కదిలించేది వరద నుంచి కాపాడడానికా, ఒడ్డును అందంగా చేయడానికా? ఏది ముందు?

1990ల చివరి సంవత్సరాల్లో 'నందనవనం' పేరుతో మూసీని తోటలు చేస్తామన్నారు. ఒడ్డు వారిలో కొందరిని నగరం అంచుకు తరలించారు. అటు ఇళ్ళు వచ్చాయి గాని పనులు వెంట రాలేదు. తోటా రాలేదు. మూసీ అభివృద్ధికి 2017లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2024 సెప్టెంబరులో అధికారులు చాదర్‌ఘాట్ ఒడ్డు బస్తీల్లో తిరిగి, గోడల మీద ఎర్రటి అక్షరాలతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. నది గర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థం. గోడ మీద ఆ గుర్తు చూసుకుని కొందరు ఏడ్చారు, కొందరు రోడ్డెక్కారు, కొందరు కోర్టుకెక్కారు. ప్రభుత్వం రెండు పడక గదుల ఇళ్ళు ఇస్తామన్నది. శంకర్‌నగర్ నుంచి కొన్ని కుటుంబాలు మలక్‌పేటలోని పిల్లిగుడిసెల ఇళ్ళకు మారాయి. అక్టోబరు మొదట్లో వారు ఖాళీ చేసిన గోడలు కూల్చడం మొదలయింది.

పిల్లిగుడిసెలు దగ్గరే. నడిచి పోవచ్చు. అటువంటి ఇల్లు దొరికిన కుటుంబానికి ఇది నష్టం కాదు, మేలు అని కూడా చెప్పాలి. వాన పడితే భయం లేదు, తలుపు గట్టిగా ఉంది, చిరునామా ఉంది. చిక్కంతా దగ్గర ఇళ్ళు తక్కువ, కదలవలసిన వారు ఎక్కువ కావడంలో ఉంది. ఒక ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురు కాపురాలు చేస్తే అది ఒక గడపా, మూడు గడపలా? కిరాయికి ఉన్నవారి పేరు ఏ జాబితాలో రాస్తారు? చదువు సంవత్సరం నడుమ బడి మారిన పిల్లవాడు తిరిగి బడికి వెళతాడా? కొత్త చోట నుంచి గంజ్‌కు రానూ పోనూ ఆటో ఖర్చు పోతే కూలి ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు ఇల్లు కూలిన తర్వాత కాదు, కూల్చకముందే దొరకాలి. నిజాంసాగర్ కట్టినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ముంపు ఊళ్ళ పేర్లు మన పెద్దవారు ఇప్పటికీ తలుచుకుంటారు. కట్ట మన పొలాలను పండించిన మాట ఎంత నిజమో, ఆ తలపోత కూడా అంతే నిజం.

అవతలి ఒడ్డున మరో మార్పు కూడా మొదలైంది. 2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి వచ్చిన తర్వాత ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం నుంచి రోగులను తరలించారు. గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అది పూర్తయ్యాక బాన్సువాడ నుంచి వచ్చే రోగి వంతెన దాటి చింతచెట్టు వైపు కాక, బేగంబజారు అవతలికి దారి అడగవలసి వస్తుంది.

నూరేళ్ళ కింద పని పై నుంచి మొదలయింది, ముందు జలాశయాలు, తర్వాత ఒడ్డు గోడలు, చివరకు తోటలు. ఇప్పుడు పైన ఆపవలసింది వరదతోపాటు మురుగు కూడా. నగరంలోని నాలాల నీటిని శుద్ధి చేసే కేంద్రాలు కొన్ని పనిచేస్తున్నాయి, కొన్ని కడుతున్నారు. దిగువన ఇప్పటికీ ఆ నీటితోనే పశువుల గడ్డి, నల్లగొండ వైపు వరి పండుతున్నాయి. నాలా నీళ్ళు తేటపడకుండా ఒడ్డున ఎన్ని బెంచీలు వేసినా వాటి మీద కూర్చునేవారు ఉండరు. నాలాలు బాగుచేయడానికి మూసానగర్ ఇల్లు ఒక్కటీ కూల్చవలసిన పని లేదు. ఆ పని కూకట్‌పల్లిలో, బంజారాహిల్స్‌లో, మంజీర నీళ్ళు కుళాయి తిప్పి వాడుకున్న ప్రతి ఇంట్లో మొదలవుతుంది.